చెర – విడుదల: జైలు సంస్కరణ, మానవ అక్రమ రవాణా నిరోధాలపై అంతర్జాతీయ పత్రాల విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:

జైలు సంస్కరణకు, మానవ అక్రమ రవాణా నిరోధానికి ఐక్యరాజ్యసమితి, దాతృదేశాలు కొన్ని దశాబ్దాలుగా సహకారం అందిస్తున్నాయి. ఈ సహకారానికి ఆధారాలైన పలెర్మో ప్రొటోకాల్ (2000), బ్యాంకాక్ నియమాలు (2010), నెల్సన్ మండేలా నియమాలు (2015) అనే పత్రాల భాషను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రవాణాకు గురైన వ్యక్తే నేరస్థునిగా జైలుకు చేరే సందర్భంలో ఈ పత్రాలు ఏమి చెబుతున్నాయి, ఎక్కడ మౌనం వహిస్తున్నాయి అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. గల్ఫ్ వలస, కంబోడియా సైబర్ మోసాల శిబిరాలు, రక్షణ గృహాల నిర్బంధం అనే సందర్భాలతో తెలుగు సమాజానికి ఈ ప్రశ్నకు గల సంబంధాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: చెర, జైలు సంస్కరణ, మానవ అక్రమ రవాణా, పలెర్మో ప్రొటోకాల్, బ్యాంకాక్ నియమాలు, మండేలా నియమాలు, శిక్షారాహిత్య సూత్రం, గల్ఫ్ వలస.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'చెర' అనే చిన్న మాట రెండు రకాల నిర్బంధాలను చెబుతుంది. చెరసాల అన్నప్పుడు అది రాజ్యం విధించే బంధనం. చెరపట్టడం అన్నప్పుడు అది బలవంతుడు చేసే అపహరణ. చెర విడిపించడం అన్నప్పుడు మాత్రం ఈ తేడా కనిపించదు. బంధించినవాడు రాజైనా రావణుడైనా, బయటికి తేవలసింది మనిషినే.

అంతర్జాతీయ సంస్థల పరిభాషలో ఈ రెండు చెరలూ వేర్వేరు విభాగాలకు చెందుతాయి. ఖైదీల స్థితిగతులు జైలు సంస్కరణ కిందికి వస్తాయి. మనుషులను మోసగించి, బెదిరించి శ్రమదోపిడీకో లైంగిక దోపిడీకో గురిచేయడం వ్యవస్థీకృత నేరాల కిందికి వస్తుంది. నిధులు వేరు, నిపుణులు వేరు, నివేదికలు వేరు. జీవితంలో మాత్రం ఒకే వ్యక్తి ఈ రెండింటినీ వరుసగా చూస్తున్న సందర్భాలు తక్కువ కావు. పాస్‌పోర్టు లాక్కున్న యజమాని ఇంటినుంచి పారిపోయిన గృహకార్మికురాలు నివాస అనుమతి లేదన్న కారణంతో నిర్బంధంలోకి వెళుతుంది. గంజాయి తోటలో పని చేయించుకోవడానికి తెచ్చిన బాలుడు పోలీసు దాడిలో మొదటి నిందితుడవుతాడు. మొదటి చెరనుంచి బయటపడే దారి రెండవ చెరలోకే తెరుచుకుంటుంది.

ఈ దారిని మూసివేయడానికి అంతర్జాతీయ సహకారం ఏ మేరకు ఉపయోగపడుతోంది? సహకారానికి మూలమైన పత్రాల్లోని క్రియాపదాలు, విశేషణాలు, సంబోధన, మౌనం అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పలెర్మో ప్రొటోకాల్ – క్రియాపదాల బరువు:

ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2000 నవంబర్ 15న వ్యవస్థీకృత నేరాల వ్యతిరేక ఒడంబడికతోపాటు దానికి అనుబంధంగా మానవ అక్రమ రవాణా ప్రొటోకాల్‌ను ఆమోదించింది. ఇది 2003 డిసెంబర్ 25న అమలులోకి వచ్చింది. భారతదేశం 2002లో సంతకం చేసి, 2011 మేలో ధ్రువీకరించింది.

ఈ పత్రం చేసిన గొప్ప మేలు నిర్వచనం. మూడవ అధికరణ ప్రకారం అక్రమ రవాణాకు మూడు అంగాలుంటాయి. మనిషిని సమకూర్చడం, తరలించడం, ఆశ్రయమివ్వడం వంటి చర్య మొదటిది. బలప్రయోగం, వంచన, నిస్సహాయతను వాడుకోవడం వంటి సాధనం రెండవది. దోపిడీ అనే ప్రయోజనం మూడవది. ఈ సాధనాలు ఉపయోగించినచోట బాధితుల సమ్మతికి విలువ లేదు. 18 ఏళ్లలోపు వారి విషయంలో సాధనాన్ని నిరూపించవలసిన అవసరమూ లేదు. 'ఇష్టపడే వెళ్లింది కదా' అనే వాదాన్ని న్యాయశాస్త్రంలో ఇంత స్పష్టంగా తోసిపుచ్చడం చిన్న విషయం కాదు.

రెండవ అధికరణ నేర నిరోధాన్నీ, బాధితుల రక్షణనూ సమానమైన ఉద్దేశాలుగా ప్రకటిస్తుంది. కాని అధికరణల్లోకి వెళ్లేసరికి ఆ సమానత నిలవదు. ఐదవ అధికరణలో, రవాణాను నేరంగా ప్రకటించే చట్టాన్ని ప్రతి దేశం విధిగా చేయాలి. అక్కడ మినహాయింపు లేదు. ఆరవ అధికరణలో బాధితుల గోప్యతను 'తగిన సందర్భాల్లో', 'దేశీయ చట్టం అనుమతించిన మేరకు' కాపాడాలి. వసతి, వైద్యం, ఉపాధి వంటి పునరావాస చర్యలను దేశాలు 'పరిశీలించాలి'. ఏడవ అధికరణలో బాధితులు ఆ దేశంలో ఉండటానికి అనుమతించే చర్యలనూ 'పరిశీలించాలి'. ప్రభుత్వ కార్యాలయంలో 'పరిశీలిస్తాం' అనే జవాబు విని తిరిగివచ్చిన తెలుగు పాఠకునికి ఈ క్రియాపదం బరువు ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు.

నష్టపరిహారం కోరే అవకాశం చట్టంలో ఉండేలా చూడాలన్న నిబంధన, బాధితులు మళ్లీ బాధితులు కాకుండా సమగ్ర విధానాలు ఏర్పరచాలన్న తొమ్మిదవ అధికరణ విధిగా పాటించవలసిన భాషలోనే ఉన్నాయి. ఈ రెండింటినీ గుర్తించడం న్యాయం. అయినా మొత్తం మీద పట్టుకోవడానికి ఆజ్ఞ, ఆదుకోవడానికి సూచన అన్నదే ఈ పత్రం స్వరం.

3. రాయని వాక్యం:

పలెర్మో ప్రొటోకాల్‌లో అన్నింటికన్నా ముఖ్యమైనది అందులో లేని వాక్యం. రవాణాకు గురైన వ్యక్తి ఆ నిర్బంధంలో చేయవలసివచ్చిన చట్టవిరుద్ధ చర్యలకు శిక్షించరాదు అనే స్పష్టమైన నిబంధన ఈ పత్రంలో ఎక్కడా లేదు. ఇది ఆ కాలపు ఆలోచనకు అందని విషయం కాదు. అదే రోజు, అదే సభ ఆమోదించిన వలసదారుల దొంగరవాణా ప్రొటోకాల్‌లో, దొంగరవాణాకు లోనైన కారణానికి వలసదారును నేర విచారణకు గురిచేయరాదని ఐదవ అధికరణ చెబుతుంది. దాని పరిధి పరిమితమే. ఇతర చట్టాల కింద చర్య తీసుకునే అధికారం దేశాలకు ఉంటుంది. అయినా డబ్బిచ్చి సరిహద్దు దాటిన వలసదారుకు దొరికిన ఆ కాస్త హామీ కూడా వంచనకు గురై సరిహద్దు దాటిన బాధితులకు అక్షరరూపంలో దొరకలేదు.

ఈ లోటును తర్వాతి పత్రాలు పూరించే ప్రయత్నం చేశాయి. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల హైకమిషనర్ కార్యాలయం 2002లో ప్రకటించిన సిఫారసు సూత్రాల్లో శిక్షారాహిత్యం చోటు చేసుకుంది. ఐరోపా మండలి 2005 ఒడంబడిక 26వ అధికరణ, బలవంతం మేరకు చేసిన చర్యలకు శిక్ష విధించకుండా ఉండే 'అవకాశం' కల్పించాలంది. మాదకద్రవ్యాలు, నేరాలపై పనిచేసే ఐక్యరాజ్యసమితి కార్యాలయం 2009లో రూపొందించిన నమూనా చట్టంలోనూ ఈ నిబంధన ఉంది. ఆసియాన్ దేశాల 2015 ఒడంబడిక దీనిని స్వీకరిస్తూనే దేశీయ చట్టాలకు లోబడి, తగిన సందర్భాల్లో, పరిశీలించాలి అనే మూడు గడియలు బిగించింది. ఒడంబడికలో లేని వాక్యం సిఫారసుల్లో, నమూనాల్లో, షరతులతో కూడిన అధికరణల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఈ సూత్రానికి న్యాయస్థానంలో బలం చేకూరిన సందర్భం ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 2021 ఫిబ్రవరి 16న వి.సి.ఎల్., ఎ.ఎన్. వర్సెస్ యునైటెడ్ కింగ్‌డమ్ కేసులో ఇచ్చిన తీర్పు. గంజాయి పెంపక కేంద్రాల్లో దొరికిన ఇద్దరు వియత్నాం మైనర్లను రవాణా బాధితులుగా గుర్తించే అవకాశాలు ఉన్నా, ఆ దేశం వారిని విచారించి శిక్షించింది. బానిసత్వ నిషేధానికి, న్యాయమైన విచారణ హక్కుకు భంగం కలిగిందని న్యాయస్థానం తేల్చింది. బాధితులను ఎన్నడూ విచారించరాదని ఈ తీర్పు చెప్పలేదు. వారు బాధితులా కాదా అన్నది అర్హులైనవారు ముందుగా నిర్ణయించాలని, ప్రాసిక్యూటర్ ఆ నిర్ణయంతో విభేదిస్తే స్పష్టమైన కారణాలు చూపాలని చెప్పింది. గుర్తింపు ముందు, అభియోగం తర్వాత అనే ఈ వరుసే తీర్పులోని సారం.

శిక్షారాహిత్యాన్ని అంగీకరిస్తే నేరస్థులంతా బాధితుల వేషం వేస్తారనే అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఒకప్పటి బాధితులే తర్వాత ఇతరులను రప్పించే పనిలో దిగిన కేసుల్లో నిర్ణయం నిజంగా కష్టం. కాని సూత్రం కోరేది సర్వక్షమాపణ కాదు, బలవంతానికీ చర్యకూ మధ్య గల సంబంధాన్ని విచారించడం. ఆ విచారణే జరగని చోట వేషధారికీ బాధితునికీ తేడా తెలిసే మార్గం కూడా ఉండదు.

4. జైలు గుమ్మం దగ్గర – మండేలా, బ్యాంకాక్ నియమాలు:

ఖైదీల పట్ల వ్యవహరించవలసిన కనీస ప్రమాణాలు 1955లో జెనీవా మహాసభలో రూపొందాయి. వాటిని సవరించి, 27 ఏళ్లు ఖైదులో గడిపిన నెల్సన్ మండేలా పేరుతో సాధారణ సభ 2015 డిసెంబర్ 17న ఆమోదించింది. వీటిలో 122 నియమాలున్నాయి. రోజుకు 22 గంటలు లేదా అంతకు మించి అర్థవంతమైన మానవ సంపర్కం లేకుండా ఉంచడాన్ని ఏకాంత నిర్బంధంగా నిర్వచించి, వరుసగా 15 రోజులు దాటితే నిషేధించడం వీటిలో ప్రసిద్ధమైన అంశం. భారత సుప్రీంకోర్టు 1382 జైళ్ల అమానవీయ పరిస్థితుల కేసులో 2016లో ఇచ్చిన తీర్పులో వీటిని ప్రస్తావించింది. చట్టబద్ధత లేని నియమాలు సైతం న్యాయస్థానం చేతిలో ఎలా సజీవమవుతాయో చెప్పడానికి ఇది ఉదాహరణ.

ప్రస్తుత చర్చకు అవసరమైనవి ప్రవేశ సమయపు నియమాలు. ఖైదీ జైలులో చేరగానే కనిపించే గాయాలను, అంతకుముందు జరిగిన హింసపై ఫిర్యాదులను నమోదు చేయాలి. వైద్యుడు పరీక్షించాలి. ఖైదీకి అర్థమయ్యే భాషలో సమాచారమివ్వాలి. విదేశీ ఖైదీలు తమ దేశ దౌత్య కార్యాలయంతో మాట్లాడే వీలు కల్పించాలి. రవాణా బాధితులను గుర్తించడానికి కావలసిన సామగ్రి అంతా ఇక్కడ ఉంది, గుర్తించమనే మాట ఒక్కటి తప్ప.

మహిళా ఖైదీలకు సంబంధించిన బ్యాంకాక్ నియమాలు 2010 డిసెంబర్ 21న ఆమోదం పొందాయి. వీటి రూపకల్పనకు చొరవ తీసుకున్న థాయ్‌లాండ్, మహిళా ఖైదీల సంఖ్యలో ప్రపంచంలోని ముందువరుస దేశాల్లో ఒకటి. ఈ 70 నియమాల్లో 66వది ప్రత్యేకంగా చదవదగినది. ఖైదీల ప్రమాణాల పత్రంలో అక్రమ రవాణా ప్రస్తావన సూటిగా వచ్చిన చోటు ఇదే. విదేశీ మహిళలు రెండవసారి బాధితులు కాకుండా ఉండటానికి, రవాణా బాధితులకు గరిష్ఠ రక్షణ కల్పించడానికి పలెర్మో ప్రొటోకాల్‌ను ధ్రువీకరించి పూర్తిగా అమలు చేసేందుకు గరిష్ఠంగా కృషి చేయాలని దీని తాత్పర్యం.

ఈ నియమం స్థానం సరైనది. జైలు వెలుపలి ప్రత్యామ్నాయాలను చెప్పే భాగంలో దీనిని చేర్చారు. అంటే ఇలాంటి స్త్రీలు అసలు జైలుకు రాకూడదన్న స్పృహ రచయితలకు ఉంది. లోపం సంబోధనలో ఉంది. ధ్రువీకరణ విదేశాంగ శాఖ పని. జైలు గుమ్మం దగ్గర నిలబడిన అధికారికి గానీ, రిమాండ్ విధించే మేజిస్ట్రేటుకు గానీ ఈ నియమం ఏ పనీ అప్పగించదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. బ్యాంకాక్ నియమం బాధితురాలిని పలెర్మో వైపు పంపుతుంది. పలెర్మోలో శిక్షారాహిత్యం గురించి స్పష్టమైన వాక్యం లేదు. ఒక పత్రం మరో పత్రాన్ని చూపిస్తుంది, ఆ పత్రం మౌనంగా ఉంటుంది. రెండు సంస్కరణ ధారలు కలిసే చోటనే బాధితురాలికి నిలువనీడ లేకుండా పోయింది.

5. సహకారాన్ని కొలిచే పద్ధతి:

పత్రాల స్వరమే సహకారం స్వరమవుతుంది. అమెరికా 2000లో చేసిన చట్టం కింద 2001 నుంచి వెలువడుతున్న మానవ అక్రమ రవాణా నివేదిక దేశాలను శ్రేణులుగా విభజిస్తుంది. అట్టడుగు శ్రేణి దేశాలకు కొన్ని రకాల సహాయం నిలిచిపోయే అవకాశం ఉంది. బాధితులను అనుచితంగా జైలులో పెట్టకపోవడం కూడా ఈ చట్టం ప్రమాణాల్లో ఒకటి. కాని నివేదికలోని ప్రపంచ పట్టిక లెక్కించేవి విచారణలు, శిక్షలు, గుర్తించిన బాధితులు, కొత్త చట్టాలు. జైలునుంచి విడుదలైన బాధితులకు, రద్దయిన శిక్షలకు అందులో గడి లేదు. అలాంటి లెక్క అసాధ్యం కాదు. రవాణా ఫలితంగా పడిన వ్యభిచార నేరశిక్షలను రద్దు చేసుకునే వీలు కల్పిస్తూ న్యూయార్క్ రాష్ట్రం 2010లోనే చట్టం చేసింది.

జైలు సంస్కరణ సహాయంలోనూ ఈ వైరుధ్యం ఉంది. 2015లో దోహాలో జరిగిన నేర నిరోధ మహాసభ ప్రకటన అమలుకు ఖతర్ నిధులతో చేపట్టిన ప్రపంచ కార్యక్రమంలో ఖైదీల పునరావాసం ఒక ప్రధాన భాగం. అదే కాలంలో ఖతర్‌లో వలస కార్మికుడు దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి అవసరమయ్యేది. 2018లో చాలామందికి, 2020లో గృహకార్మికులకు ఆ నిబంధన తొలగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థతో ఒప్పందం, దోహాలో దాని కార్యాలయం ఈ మార్పుకు తోడ్పడ్డాయి. దీనివల్ల తెలిసేది అంతర్జాతీయ సహకారం వ్యర్థమని కాదు. ఖైదీకి వృత్తి నేర్పే సహాయం కన్నా, మనిషిని ఖైదీగా మార్చే నిబంధనను తొలగించే సహాయం లోతైనది.

6. తెలుగు సందర్భం – ఖల్లివెల్లి, హోం, శిబిరం:

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పురుషులు, కడప, గోదావరి జిల్లాల స్త్రీలు దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళుతున్నారు. కఫీల్ దగ్గర బాధలు పడలేక బయటికి వచ్చి, అనుమతి లేకుండా పనిచేసే వ్యక్తిని వలస కార్మికుల వాడుకలో 'ఖల్లివెల్లి' అంటారు. వదిలెయ్, పోనీ అనే అర్థంలో అరబ్బులు వాడే మాట తెలుగు కార్మికుని నోట ఒక మనిషి స్థితికి పేరయింది. కఫీల్ ఫిర్యాదు చేస్తే ఆ మనిషి 'పారిపోయిన' వ్యక్తిగా నమోదవుతాడు. పట్టుబడితే నిర్బంధం, ఆపై ఔట్‌పాస్‌తో స్వదేశానికి పంపడం. జీతం ఎగ్గొట్టారా, పాస్‌పోర్టు లాక్కున్నారా, వెళ్లేముందు ఏజెంటు ఏ పని చెప్పి పంపాడు అనే ప్రశ్నలకు ఈ క్రమంలో చోటు దొరకడం అరుదు. ఖల్లివెల్లి అయిన ప్రతి కార్మికుడూ రవాణా బాధితుడని చెప్పడం అతిశయోక్తి. ఎవరు బాధితులో అడిగే అధికారి లేడన్నదే అసలు సమస్య.

సొంత నేలమీద ఇదే సమస్య మరో రూపంలో ఉంది. 1950 నాటి న్యూయార్క్ ఒడంబడికను అనుసరించి చేసినట్లు తన శీర్షికా వాక్యంలోనే చెప్పుకున్న 1956 నాటి చట్టం, నేటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం. ఇందులోని 8వ సెక్షన్ విటులను ఆహ్వానించిన స్త్రీని శిక్షిస్తుంది. 17వ సెక్షన్ రక్షించిన స్త్రీని ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచమని ఆదేశించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తుంది. ఎనిమిదవ సెక్షన్ కింద పడే జైలుశిక్షకన్నా పదిహేడవ సెక్షన్ కింద దొరికే రక్షణే కాలంలో ఎక్కువ కావచ్చు. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టానికి విరుద్ధంగా ఈ గృహాల్లో ఉంచిన వయోజన స్త్రీల కేసులను సమీక్షించి విడుదల చేయాలని సూచించడం ఈ వైరుధ్యానికి జవాబు. అధికారుల ఆదేశంతో ఉంచి, స్వేచ్ఛగా వెళ్లనివ్వని ఏ స్థలమైనా నిర్బంధ స్థలమేనని హింస వ్యతిరేక ఒడంబడికకు 2002లో చేర్చిన ఐచ్ఛిక ప్రొటోకాల్ నిర్వచిస్తుంది. ఆ నిర్వచనం ప్రకారం తాళం వేసిన 'హోం' కూడా జైలు సంస్కరణ పరిధిలోకి రావలసినదే. భారతదేశం ఆ మూల ఒడంబడికను ఇంకా ధ్రువీకరించలేదు.

మూడవ రూపం కొత్తది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లపై కేసులు పెట్టారు. అక్కడికి చేరినవారిని శిబిరాల్లో బంధించి, భారతీయులపైనే సైబర్ మోసాలు చేయించారు. కంబోడియాలో సుమారు లక్షమంది, మయన్మార్‌లో సుమారు లక్షా ఇరవై వేలమంది ఇలాంటి శిబిరాల్లో ఉండవచ్చని మానవహక్కుల హైకమిషనర్ కార్యాలయం 2023లో అంచనా వేసింది. గుర్తించిన రవాణా బాధితుల్లో బలవంతంగా నేరాలు చేయించినవారి వాటా 2016లో 1 శాతం, 2022లో 8 శాతం అని ఐక్యరాజ్యసమితి 2024 ప్రపంచ నివేదిక చెబుతోంది. 2000 సంవత్సరంలో రాయకుండా వదిలిన వాక్యం అవసరం ఏటేటా పెరుగుతోందని ఈ అంకెల అర్థం.

7. పరిభాష చేసే పని:

'అక్రమ రవాణా' అనే తెలుగు పారిభాషిక పదం కూడా ఈ అస్పష్టతకు తోడవుతోంది. ఎర్రచందనం అక్రమ రవాణా, గంజాయి అక్రమ రవాణా, మనుషుల అక్రమ రవాణా అనే శీర్షికలు పత్రికల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటి రెండింటిలో సరుకును స్వాధీనం చేసుకుంటారు. మూడవదానిలోనూ అదే వాక్యనిర్మాణం మనిషిని సరుకు స్థానంలో నిలబెడుతుంది. రక్షించడం స్వాధీనం చేసుకోవడంగా, పునరావాసం భద్రపరచడంగా మారడానికి ఈ ఉపమానం దారి వేస్తుంది. పైగా నిర్వచనంలో ప్రధానమైనది దోపిడీ అయితే, అనువాదంలో ప్రధానమైనది ప్రయాణం. ఊరు దాటకుండానే ఇటుక బట్టీలో బందీ అయినవారు ఈ పదంలో ఇమడరు. రాజ్యాంగం 23వ అధికరణకు హిందీ పాఠంలో ఉన్న 'దుర్వ్యాపార' శబ్దం తెలుగుకూ అందుబాటులో ఉన్న తత్సమమే. దోషాన్ని దారిమీద కాక వ్యాపారి మీద మోపే ఈ మాటను పరిశోధకులు తిరిగి పరిశీలించడం అవసరం.

8. ముగింపు:

లంకలో చెర ముగిసిన తర్వాత కూడా సీతకు పరీక్ష మిగిలే ఉంది. విడిపించినవారే నిరూపణ కోరడం తెలుగు పాఠకులకు పురాతనమైన కథ. నేటి అంతర్జాతీయ పత్రాలు ఆ నిరూపణ భారాన్ని తొలగించాలని కోరుకుంటూనే, ఆ మాటను ఆజ్ఞగా రాయడానికి వెనుకాడాయి. ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

1. పలెర్మో ప్రొటోకాల్ నిర్వచనంలో బాధితుల పక్షాన నిలిచినా, బాధ్యతల భాషలో నేరవిచారణ వైపు మొగ్గింది. అందులో శిక్షారాహిత్య నిబంధన స్పష్టంగా లేదు.

2. బ్యాంకాక్ 66వ నియమం రెండు సంస్కరణ ధారలను కలిపినా, జైలు అధికారికి కాక ధ్రువీకరణ ప్రక్రియకు బాధ్యత అప్పగించడం వల్ల ఆచరణలో బలహీనపడింది.

3. ప్రవేశ సమయపు పరీక్ష, భాషా సహాయం, దౌత్య సంపర్కం అనే మండేలా నియమాలకు రవాణా గుర్తింపును జోడిస్తే కొత్త ఒడంబడిక లేకుండానే కొంత లోటు తీరుతుంది.

4. సహకార ఫలితాలను పడిన శిక్షలతోపాటు, రద్దయిన శిక్షలతో, విడుదలైన బాధితులతో కూడా కొలవాలి. రక్షణ గృహాలను నిర్బంధ స్థలాల పర్యవేక్షణలోకి తేవాలి.

5. గల్ఫ్, కంబోడియా అనుభవాలున్న తెలుగు రాష్ట్రాల్లో తిరిగివచ్చిన వారి కథనాల సేకరణ ఈ విషయంపై తదుపరి పరిశోధనకు ఆధారమవుతుంది. పత్రాల్లో రాయని వాక్యం ఎవరికి ఎంత కాలం ఖైదుగా పరిణమించిందో ఆ కథనాలే చెప్పగలవు.